తీవ్ర హింసకు పాల్పడే పిల్లల్లో ఆడ, మగ తేడా: కారణాలు వేరా, మనం చూసే తీరు వేరా?

బడిగంట (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. నా దగ్గర పదో తరగతి వరకు చదివిన ఇద్దరు పిల్లలు ఏడాది వ్యవధిలో రెండు వేర్వేరు హత్య కేసుల్లో చిక్కుకున్నారు. ఒకరు అమ్మాయి. పదహారేళ్లు నిండిన కొన్ని నెలలకే, నిద్రపోతున్న సవతి తండ్రి తలమీద పచ్చడి బండతో కొట్టింది. అతను ఆసుపత్రిలో మరణించాడు. రెండోవాడు అబ్బాయి, వయసు పదిహేడు. అమ్మవారి జాతరలో రెండు వీధుల కుర్రాళ్ల మధ్య మొదలైన తోపులాటలో కత్తితో పొడిచాడు. ఎదుటి పిల్లవాడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఊరు, పేర్లు, తేదీలు కావాలనే రాయడం లేదు.

ఆ తరువాత ఊళ్లో విన్న మాటలే నన్ను ఈ చర్చకు పురికొల్పాయి. అబ్బాయి గురించి "వాడు మొదటినుంచీ అంతే, ఏదో ఒకరోజు ఇలాంటిది చేస్తాడనుకున్నాం" అన్నారు. అమ్మాయి గురించి సగం మంది "పాపం, ఆ పిల్ల ఏం పడిందో" అన్నారు, మిగిలిన సగం మంది "ఆడపిల్లేనా అది?" అన్నారు. అబ్బాయి ఏం పడ్డాడో ఒక్కరూ అడగలేదు. అమ్మాయి రేపు మళ్లీ ఎవరికైనా హాని చేస్తుందేమో అన్న అనుమానమూ ఒక్కరికీ కలగలేదు.

నా ప్రశ్న ఇది. ఈ వయసు పిల్లల్లో తీవ్రమైన హింసకు దారితీసే కారణాలు ఆడపిల్లల్లో ఒకలా, మగపిల్లల్లో ఒకలా నిజంగానే ఉంటాయా, లేక మనమే రెండు వేర్వేరు కథలు అల్లుకుంటున్నామా? న్యాయరంగంలోనూ, మానసిక శాస్త్రంలోనూ పనిచేస్తున్న సభ్యులు ఇక్కడ ఉన్నారని తెలుసు. దయచేసి వివరంగా రాయండి. నేను ఈ ఇద్దరికీ మూడేళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఇది నాకు ఊరికే పుట్టిన సందేహం కాదు.


లెక్కలపుస్తకం

బడిగంట గారూ, ముందుగా తేడా ఎంత ఉందో చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారం 2013లో దేశంలో పోలీసులు అదుపులోకి తీసుకున్న బాలలు 43,506 మంది. వారిలో మగపిల్లలు 41,639 మంది, ఆడపిల్లలు 1,867 మంది. 2014లో మొత్తం 48,230 మంది కాగా మగపిల్లలు 46,638, ఆడపిల్లలు 1,592. అంటే ఆడపిల్లలు నూటికి ముగ్గురు, నలుగురు. ఇవి దొంగతనం నుంచి హత్య దాకా అన్ని నేరాలూ కలిపిన అంకెలు. ఇంకా తరువాతి అంకె కావాలంటే 2021లో బాలలపై 31,170 కేసులు నమోదయ్యాయి, 37,444 మందిని అదుపులోకి తీసుకున్నారు. వారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారే.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2014లో వెలువరించిన అధ్యయనం, అన్ని వయసులవారినీ కలిపి చూస్తే, ప్రపంచవ్యాప్తంగా హత్యలకు పాల్పడినవారిలో సుమారు 95 శాతం పురుషులని తేల్చింది. హతుల్లో కూడా దాదాపు 80 శాతం పురుషులే. ఈ రెండో అంకెను మనం తరచుగా మరిచిపోతాం. మగపిల్లవాడి చేతిలోని కత్తి ఎక్కువసార్లు దిగేది మరో మగపిల్లవాడి ఒంట్లోనే.


మెట్టపొలం

ఇద్దరి కష్టాలూ తూకం వేసే ముందు పోయిన ప్రాణం గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. మా పెదనాన్న గారి మనవణ్ణి పదిహేడేళ్ల పిల్లవాడే చంపాడు. గొడవ ఒక సెల్‌ఫోన్ గురించి. ఆ పిల్లవాడు మూడేళ్లు కూడా నిండకుండానే బయటికి వచ్చాడు. మా వదిన ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లదు, కూరగాయలకు కూడా పక్క వీధి చుట్టి వెళ్తుంది.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఆ ఘోరం చేసినవారిలో ఒకడికి పద్దెనిమిది నిండటానికి నెలలే మిగిలి ఉన్నందువల్ల మూడేళ్లతో సరిపోయింది. చంపింది ఆడపిల్లా, మగపిల్లాడా అన్నది హతుడి తల్లికి అక్కర్లేదు. కారణాలు వెతకడం మొదలుపెడితే ప్రతి నేరానికీ ఒక కారణం దొరుకుతుంది. ఇద్దరికీ ఒకే శిక్ష ఉండాలన్నది నా అభిప్రాయం. ఇది కోపంతో రాసింది కాదు, ఆరేళ్లుగా ఆలోచించి రాసింది.


కచేరిమెట్లు

నేను బాలల న్యాయ మండలి ముందు, అంటే జువెనైల్ జస్టిస్ బోర్డులో, కొన్నేళ్లుగా వాదిస్తున్న న్యాయవాదిని. మెట్టపొలం గారి బాధను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ తల్లిలాంటివారిని నేను కోర్టు వరండాలో చూస్తూనే ఉంటాను. అయితే చట్టం ఇప్పుడు ఎలా ఉందో చెప్పకపోతే చర్చ ఊహల మీద నడుస్తుంది.

చట్టం ఒకప్పుడు ఆడ, మగ తేడాను వయసులోనే పెట్టింది. 1986 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం మగపిల్లవాడికి 16 ఏళ్లు, ఆడపిల్లకు 18 ఏళ్లు నిండేవరకే బాలలు. పదిహేడేళ్ల అబ్బాయి పెద్దవాడు, పదిహేడేళ్ల అమ్మాయి చిన్నపిల్ల. మన దేశం 1992లో బాలల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరిన తరువాత, 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 ఏళ్లుగా నిర్ణయించింది. ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ ఆ వయసును తగ్గించవద్దని సిఫారసు చేసింది, 2013లో సుప్రీంకోర్టు కూడా తగ్గించడానికి నిరాకరించింది. అయినా పార్లమెంటు 2015లో కొత్త చట్టం చేసింది. అది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. వయసు 18గానే ఉంచి, 16 నుంచి 18 మధ్యవారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు జరిపి, పెద్దవారిలా విచారించేందుకు చిల్డ్రన్స్ కోర్టుకు పంపే వీలు కల్పించింది. అక్కడ నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు మించవచ్చు. మరణశిక్ష, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్ష మాత్రం వేయకూడదు.

ఘోర నేరం అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నది. కనీస శిక్ష నిర్ణయించని నేరం, గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, ఘోర నేరం కిందికి రాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హత్య ఘోర నేరమే. హత్య స్థాయికి రాని ప్రాణహరణం, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 105వ సెక్షన్, ఘోర నేరం కాదు, తీవ్ర నేరం. అక్కడ 15వ సెక్షనే వర్తించదు.

ఇక బడిగంట గారు చెప్పిన రెండు సంఘటనలనూ ఈ తలుపు దగ్గర నిలబెట్టి చూడండి. హత్యను 105కు దించే మినహాయింపుల్లో ఒకటి, ముందస్తు ఆలోచన లేకుండా హఠాత్తుగా రేగిన కొట్లాటలో ఆవేశంతో చేసిన పని. జాతరలో తోపులాట దానికి సరిపోయే అవకాశం ఉంది, కత్తి జేబులోకి ముందే ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరికితే. ఇంకొక మినహాయింపు, తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం. "ఆకస్మికమైన" అన్న మాట దగ్గరే ఆడపిల్ల కేసు చిక్కుకుంటుంది. ఊళ్లో అనుకుంటున్నట్టు చాలాకాలం హింస భరించి, ఎదురుగా మెలకువగా ఉన్న మగవాణ్ణి ఎదిరించే బలం లేక, అతను నిద్రపోయేదాకా ఆగి కొట్టిన పిల్లకు ఆ మాట వర్తించడం చాలా కష్టం. ఆత్మరక్షణ కూడా కష్టమే, ఎందుకంటే ఆ క్షణంలో దాడి జరగడం లేదు. ఫలితంగా, ఊరంతా చెడ్డవాడన్న అబ్బాయి తీవ్ర నేరంతో ప్రత్యేక గృహానికి వెళ్లి మూడేళ్లలోపు తిరిగి రావచ్చు. ఊళ్లో సగం మంది జాలిపడ్డ అమ్మాయి ఘోర నేరంతో 15వ సెక్షన్ మదింపులో కూర్చోవచ్చు. ఈ సెక్షన్లలో ఎక్కడా ఆడ, మగ అన్న తేడా లేదు. కానీ ఆ మినహాయింపులు రాసినవారి కళ్లముందు ఉన్నది సమబలం గల ఇద్దరు మగవాళ్ల కొట్లాట. 1860 నాటి శిక్షాస్మృతి నుంచి ఇప్పటి సంహితలోకి అవి దాదాపు అలాగే వచ్చాయి.


తుంగభద్ర

కచేరిమెట్లు గారి చివరి పేరా నేను రెండుసార్లు చదివాను. నేను మానసిక శాస్త్రం బోధిస్తాను, కౌమార వయసువారితో పనిచేస్తాను. హింస ఎక్కడినుంచి వస్తుందన్న దానిపై నాకు తెలిసినది రాస్తాను.

మొదట ఒక అపోహను పక్కన పెట్టాలి. హింస పదిహేనేళ్ల వయసులో కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే బృందం చిన్నపిల్లలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన విషయం ఏమిటంటే, కొట్టడం, కరవడం, తోయడం వంటివి అత్యధికంగా కనిపించేది రెండు నుంచి నాలుగేళ్ల మధ్య. అక్కడినుంచి పిల్లలు చేతులు ఆపుకోవడం నేర్చుకుంటూ వస్తారు. సగటున ఆడపిల్లలు ఇది ముందుగా నేర్చుకుంటారు. మాట త్వరగా రావడం ఒక కారణమైతే, పెద్దలు వాళ్ల విషయంలో ఊరుకోకపోవడం మరో కారణం. మన ఇళ్లలోనే చూడండి: మూడేళ్ల పిల్లవాడు తాతను కొడితే నవ్వి ముద్దు పెట్టుకుంటాం, అదే పని ఆడపిల్ల చేస్తే "తప్పమ్మా, ఆడపిల్లవి" అంటాం. ఆ చిన్నదానికి మనం ఒక కట్టడి నేర్పాం. ఆ చిన్నవాడికి నేర్పాల్సింది వాయిదా వేశాం.

రెండో విషయం న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్ అధ్యయనం. 1972, 1973లలో పుట్టిన 1,037 మందిని పుట్టుక నుంచి దశాబ్దాల పాటు అనుసరించారు. టెరీ మాఫిట్, ఆమె సహచరులు అందులో రెండు తరహాలను గుర్తించారు. చిన్నతనంలోనే మొదలై పెద్దయ్యాక కూడా ఆగని ప్రవర్తన ఒకటి. కౌమారంలో మొదలై తరువాత చాలామందిలో తగ్గిపోయేది మరొకటి. మొదటి తరహాలో ఒక ఆడపిల్లకు పదిమంది మగపిల్లలు ఉన్నారు. రెండో తరహాలో మాత్రం తేడా చాలా తక్కువ, ఒక ఆడపిల్లకు ఒకటిన్నర మంది మగపిల్లలు. మొదటి తరహాలో మగపిల్లలు ఎక్కువ కావడానికి వారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి చిన్ననాటి నాడీ సంబంధమైన ఇబ్బందులు, నిలకడ లేని దుడుకు స్వభావం, నేర్చుకోవడంలో వెనకబాటు. ఈ ఇబ్బందులు ఉన్న ఆడపిల్లకు కూడా అదే ముప్పు ఉంది. కానీ అవి మగపిల్లల్లోనే ఎక్కువ.

మూడోది పక్కన ఉండే గుంపు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ చేసిన ప్రయోగంలో కౌమార వయసువారికి కంప్యూటర్‌పై కారు నడిపే ఆట ఇచ్చారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు చూస్తున్నప్పుడు వాళ్లు చాలా ఎక్కువ ప్రమాదానికి తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. జాతరలో ఆ అబ్బాయి చుట్టూ ఎంతమంది ఉన్నారో బడిగంట గారికి తెలిసి ఉంటుంది. వెనక్కి తగ్గితే ఆ రాత్రి అతనికి ఏ పేరు వచ్చేదో కూడా తెలిసి ఉంటుంది. ఇందుకు భిన్నంగా, తీవ్ర హింసకు పాల్పడిన ఆడపిల్లల కేసుల్లో ఎక్కువ భాగం ఇంటి గోడల మధ్య, తెలిసినవారి మీద, చేతికందిన వస్తువుతో జరిగినవే కనిపిస్తాయి. పుట్టిన బిడ్డ చనిపోయిన కేసులు కూడా వీటిలో ఉంటాయి, గర్భం సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా ప్రసవించిన పిల్లల కేసులు.


వెన్నెలపేట

ఒక తల్లిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మా బాబుకు పద్నాలుగేళ్లు. కోపం వస్తే తలుపు మీద గుద్దుతాడు. ఇదంతా హార్మోన్ల ప్రభావం అని మా వాళ్లు తేలికగా తీసేస్తున్నారు. నిజమేనా?


తుంగభద్ర

వెన్నెలపేట గారూ, ఇందులో తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు. టెస్టోస్టిరాన్‌కూ హింసకూ ఉన్న సంబంధం జనం అనుకునేదానికంటే చాలా బలహీనమైనది. ఆ హార్మోను అందరు మగపిల్లల్లోనూ పెరుగుతుంది, వారిలో అత్యధికులు జీవితంలో ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. తలుపు మీద గుద్దే పిల్లవాడు నేరస్థుడు కాబోతున్నాడని భయపడవద్దు, అలాగని తేలికగా తీసేయనూ వద్దు. ఆ గుద్దుకు ముందు ఏం జరిగిందో, కోపం చల్లారిన తరువాత, ఎవరూ లేనప్పుడు అడగండి. మొదటిసారే చెప్పకపోవచ్చు.


మిషిగన్_తెలుగు

నేను అమెరికాలో పిల్లల ప్రొబేషన్ విభాగంలో పన్నెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే రేపు మన దగ్గర కూడా అదే పొరపాటు జరగవచ్చు.

1990ల నుంచి ఇక్కడ "ఆడపిల్లలు హింసాత్మకంగా మారిపోతున్నారు" అన్న గగ్గోలు మొదలైంది. దాడి కేసుల్లో అరెస్టయిన ఆడపిల్లల వాటా నిజంగానే పెరిగింది. డారెల్ స్టెఫెన్స్‌మయర్, ఆయన సహచరులు 2005లో ఆ అంకెలను మరో రెండు రకాల సమాచారంతో పోల్చి చూశారు: బాధితులను అడిగి చేసే సర్వే ఒకటి, పిల్లలు తమంతట తాము చెప్పుకున్నది మరొకటి. ఆ రెండింటిలోనూ ఆడపిల్లల హింస చెప్పుకోదగినంతగా పెరగలేదు. పెరిగింది అరెస్టులు. ఇంట్లో గొడవ అని ఫోన్ వస్తే ఎవరో ఒకరిని తప్పక అరెస్టు చేయాలన్న నిబంధనలు వచ్చాయి, బడిలో తోపులాటకు పోలీసులను పిలవడం మొదలైంది. తల్లితో గొడవపడి ఆమెను నెట్టిన అమ్మాయిని ఒకప్పుడు మందలించి వదిలేవారు, ఇప్పుడు ఆమె దాడి చేసిన నేరస్థురాలు. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల ఫైళ్లలో ఎక్కువ భాగం ఇవే.

రెండో విషయం గాయాల గురించి. ఫ్లోరిడాలో న్యాయ వ్యవస్థలోకి వచ్చిన 64,329 మంది పిల్లల రికార్డులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, బాల్యంలో లైంగిక హింసకు గురైనట్టు నమోదైనది ఆడపిల్లల్లో 31 శాతం, మగపిల్లల్లో 7 శాతం. ఇది చూసి మా శాఖలో ఆడపిల్లలకు ప్రత్యేక చికిత్స తరగతులు పెట్టారు, మంచి పనే. కానీ మగపిల్లలకు "కోపాన్ని అదుపు చేసుకోవడం" అనే తరగతి ఒక్కటే మిగిలింది. ఆ 7 శాతం నిజంగా 7 శాతమేనా అని నాకు ఎప్పుడూ అనుమానమే.


లెక్కలపుస్తకం

మిషిగన్_తెలుగు గారి అనుమానానికి మన దేశంలోనే ఒక ఆధారం ఉంది. 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది బాలలతో మాట్లాడి ఒక నివేదిక వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురయ్యామని చెప్పినవారు సగానికి పైగా ఉన్నారు, 53.22 శాతం. అలా చెప్పినవారిలో మగపిల్లలు 52.94 శాతం. అంటే ఆడపిల్లల కంటే ఎక్కువ. లైంగిక హింస ఎక్కువగా బయటపడిన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అడిగితే మగపిల్లలు చెబుతారని ఆ నివేదిక రుజువు చేసింది.

ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. మగపిల్లల "ఘోర నేరాల" లెక్కలో పోక్సో, అంటే బాలలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులు కలిసి ఉంటాయి. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇంట్లోంచి వెళ్లిపోతే, అమ్మాయి తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, 2019 సవరణ తరువాత కనీస శిక్ష పదేళ్లు ఉన్న సెక్షన్ కింద అబ్బాయి మీద కేసు నమోదు కావచ్చు. అలాంటి పిల్లవాడూ, బెదిరించి అఘాయిత్యం చేసినవాడూ లెక్కల్లో ఒకే గడిలో పడతారు. అత్యాచారం అన్న నేరాన్ని చట్టం పురుషుడికే నిర్వచించింది కనుక ఆ గడిలో ఆడపిల్లలు దాదాపు ఉండరు. ఇవన్నీ తీసేసి హత్యలు, హత్యాయత్నాలు మాత్రమే చూసినా మగపిల్లలే చాలా ఎక్కువ. అందులో సందేహం లేదు. అంకెలు చూపే అగాధంలో కొంత భాగం చట్టం తవ్వినదని మాత్రమే అంటున్నాను.


నిర్వాహకులు

ఒక సభ్యులు ఇక్కడ పెట్టిన వార్తా లంకెను తొలగించాము. అందులో ఒక బాలిక ఊరు, చదివిన బడి పేరు ఉన్నాయి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరారోపణ ఎదుర్కొంటున్న బాలలనూ, బాధితులైన బాలలనూ గుర్తుపట్టే వివరాలు ఏ రూపంలోనూ ప్రచురించకూడదు. చర్చ చక్కగా సాగుతోంది, దయచేసి ఈ ఒక్క హద్దు పాటించండి.


కచేరిమెట్లు

"అడిగితే చెబుతారు" అని లెక్కలపుస్తకం గారు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. మండలిలో ఆ అడగడం ఎలా జరుగుతుందో దగ్గరినుంచి చూసినవాడిగా కొంచెం రాయాలి.

మండలి గది మామూలు కోర్టులా ఉండదు. ఎత్తైన వేదిక ఉండకూడదు, బోను ఉండకూడదు. మేజిస్ట్రేటూ, ఇద్దరు సామాజిక కార్యకర్తలూ (వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి) పిల్లవాడితో సమానమైన ఎత్తులో ఒక బల్ల ముందు కూర్చుంటారు. పిల్లవాణ్ణి తెచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, బేడీలు వేయకూడదు. ఇదంతా బాగానే ఉంది. ఆ బల్లమీద ఉండే కాగితాల్లో ముఖ్యమైనది సామాజిక దర్యాప్తు నివేదిక, 2016 నిబంధనల్లోని 6వ నమూనా. ప్రొబేషన్ అధికారి ఇంటికీ, బడికీ వెళ్లి కుటుంబం, చదువు, స్నేహాలు, అలవాట్లు అన్నీ కనుక్కుని నింపాలి. అందులో పిల్లలు ఏదైనా హింసకు గురయ్యారా, మాటలతోనా, దెబ్బలతోనా, లైంగికంగానా, ఎవరివల్ల అని రాసే గడులు ఉన్నాయి.

నేను చూసిన నివేదికల్లో ఆడపిల్లల విషయంలో ఆ గడులు నిండి ఉంటాయి. కొన్నిసార్లు అవసరానికి మించి, ఆమె ఎవరితో మాట్లాడుతుంది, ఎన్నింటికి ఇంటికి వస్తుంది, నడవడిక ఎలాంటిది అన్నంత దాకా. మగపిల్లల విషయంలో ఆ గడుల్లో పైనుంచి కిందికి "లేదు, లేదు, లేదు" అని ఉంటుంది, చాలాసార్లు ఒకే సిరాతో, ఒకే ఊపులో రాసినట్టు. ఒకసారి నేను ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ఆ కాగితం తెలుగులో చదివి వినిపించాను. పదిహేడేళ్లవాడు, మణికట్టుకు దర్గాలో కట్టించిన ఆకుపచ్చ దారం. "లేదు" అన్న మూడో గడి దగ్గర ఆ దారాన్ని వేలితో తిప్పడం మొదలుపెట్టాడు. "ఇది నిన్ను అడిగారా?" అన్నాను. "అడగలేదన్నా" అన్నాడు. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వారం తరువాత మళ్లీ వెళ్లినప్పుడు, పదకొండేళ్ల వయసులో తాను పనిచేసిన చోట ఏం జరిగిందో చెప్పాడు. నాలుగు వాక్యాల్లో, నేల చూస్తూ.

అది అతను చేసిన హత్యను మాఫీ చేయదు. నేను కూడా మాఫీ కోరలేదు. కానీ 15వ సెక్షన్ ప్రకారం మండలి తేల్చాల్సింది ఆ పని చేయగల శారీరక, మానసిక శక్తి ఉందా, పర్యవసానాలు గ్రహించగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్న మూడు విషయాలు. మూడోదానికి జవాబు ఆ గడుల్లోనే ఉంటుంది. గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో 2022లో సుప్రీంకోర్టు, ఈ మదింపు చాలా సున్నితమైనదనీ, మండలి సభ్యుల్లో బాలల మానసిక శాస్త్రం తెలిసినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పక తీసుకోవాలనీ చెప్పింది. నిపుణులు వచ్చినా వారి ముందుకు వెళ్లేది ఆ "లేదు, లేదు, లేదు" కాగితమే.

ఆడపిల్లల విషయంలో ఎదురయ్యే ఇబ్బంది వేరే రకం. వాళ్లు ఎంత తక్కువమందో పైన లెక్కలు చెప్పాయి కదా. అందుకే వాళ్ల కోసం గృహాలూ తక్కువే. తల్లి కలవాలంటే రెండు బస్సులు మారి జిల్లా దాటి వెళ్లాలి. వృత్తి శిక్షణ అంటే కుట్టు మిషను, ఎంబ్రాయిడరీ, అంతే. ఆ పిల్లకు కోపం ఉందని, అది మళ్లీ బయటపడవచ్చని, దాని గురించి ఆమెతో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలని అక్కడ ఎవరికీ తోచదు. జాలి చూపించి ఊరుకుంటారు.


మెట్టపొలం

కచేరిమెట్లు గారు రాసింది నిన్న రాత్రి మా వదినకు చదివి వినిపించాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "మన వాడి విషయంలో ఆ కాగితం నింపడానికి ఎవరైనా మన ఇంటికి వచ్చారా?" ఎవరూ రాలేదు. హతుడి ఇంటివాళ్లను అడిగే గడి ఆ నమూనాలో ఉందో లేదో నాకు తెలియదు. ఉండాలి.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ప్రాణం తీసినవారికి, ఆడైనా మగైనా, మూడేళ్లు చాలదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ నిద్రపోతున్న సవతి తండ్రిని కొట్టిన పిల్లకు పెద్ద శిక్ష, జేబులో కత్తితో జాతరకు వెళ్లినవాడికి చిన్న శిక్ష పడగలదన్న సంగతి ఇంతకాలం నాకు తెలియదు. నేను "ఇద్దరికీ ఒకటే" అన్నప్పుడు నా మనసులో ఉన్నది అది కాదు. అలాగే, చిన్నపిల్లల చేతికి కత్తులు ఇచ్చి ముందుకు తోసే పెద్దవాళ్ల మీద కేసు పెట్టే వీలు ఉందా? మా కేసులో ఆ పిల్లవాడి వెనక ఇరవై ఆరేళ్లవాడు ఒకడు ఉన్నాడు. వాడి జోలికి ఎవరూ వెళ్లలేదు.


కచేరిమెట్లు

ఉంది. బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ రెండో ఉపవిభాగం: పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకునే పెద్దలకు, పెద్దల ముఠాలకు ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, అయిదు లక్షల రూపాయల జరిమానా. దీన్ని వాడడం నేను చాలా అరుదుగా చూశాను. మీ కేసు కాగితాలు ఉంటే నాకు విడిగా సందేశం పంపండి, ఇప్పటికీ ఏదైనా దారి ఉందేమో చూస్తాను. మీ వదిన గారి ప్రశ్న కూడా న్యాయమైనదే. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

బడిగంట గారూ, ఆ అబ్బాయి మదింపు ఇంకా పూర్తి కాకపోతే మీరు ప్రొబేషన్ అధికారిని కలవవచ్చు. ఉపాధ్యాయుడు చెప్పే విషయాలు ఆ నివేదికలో రావాల్సినవే. మొదటిసారి హాజరుపరచిన నాటినుంచి మూడు నెలల్లో మదింపు ముగియాలి కనుక ఆలస్యం చేయవద్దు.


బడిగంట

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా ఏమీ రాయకపోవడానికి కారణం ఉంది. పాత హాజరు పట్టీలు బీరువాలోంచి తీసి కూర్చున్నాను.

అమ్మాయి తొమ్మిదో తరగతిలో జూలై నుంచి వరుసగా సోమవారాలు రాలేదు. అప్పట్లో మా సహోపాధ్యాయిని ఆమెను పక్కకు పిలిచి రెండుసార్లు అడిగారు, తల్లికి కబురు పంపారు. ఫలితం లేకపోయింది, కానీ అడిగారు. అబ్బాయి పట్టీ కూడా చూశాను. ఎనిమిదో తరగతి దసరా సెలవుల తరువాత ఇరవై మూడు రోజులు రాలేదు. తిరిగి వచ్చాక తరగతిలో ఒకణ్ణి కొట్టాడు. ఆ తేదీ పక్కన నా చేతిరాత ఉంది: "అల్లరి ఎక్కువ. తండ్రికి చెప్పాలి." తండ్రికి చెప్పాను. ఆ రాత్రి తండ్రి అతణ్ణి ఏం చేశాడో, మర్నాడు అతను చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని ఎందుకు కూర్చున్నాడో, ఇప్పుడు గుర్తుకు వస్తోంది. ఆ ఇరవై మూడు రోజులు ఎక్కడున్నాడో నేను అడగలేదు.

నిన్న ప్రొబేషన్ అధికారిని కలిశాను. ఇద్దరు పిల్లల గురించీ విడివిడిగా, తెలుగులోనే, నాకు తెలిసినంతవరకు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ ఇరవై మూడు రోజులూ, చొక్కా చేతులూ, తండ్రికి చెప్పింది నేనే అన్న సంగతీ అందులో ఉన్నాయి. జాతర రాత్రి అతని చుట్టూ ఉన్నవారిలో నాకు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ల విషయం కూడా రాశాను. అధికారి చదివి, "ఎనిమిదో తరగతి దగ్గర ఇంకొంచెం వివరంగా రాయగలరా మాస్టారూ" అని కాగితం తిరిగి ఇచ్చారు. హతుడి తల్లిని కూడా ఎవరైనా కలిశారా అని మెట్టపొలం గారి ప్రశ్నే అడిగాను. ఇంకా లేదన్నారు. ఆవిడ ఉండేది మా బడి వెనక వీధిలోనే, ఆదివారం వెళ్తున్నాను.